చచ్చిన బల్బును ఎవరు ఎత్తాలి?

చచ్చిన గొడ్డును ఎత్తం అని మన తాతలు, నాయిన్లు తెగేసి చెప్పిన రోజులు ఈ సీమ పల్లెల్లో ఇంకా చాలామందికి గుర్తున్నాయి. ఆ మాట అన్నందుకు కూలి బందయింది. బావి బందయింది. ఊళ్లోకి దారి బందయింది. అయినా ఎత్తలేదు. ఆ ఎత్తనన్న మాటలోంచే మన ఉద్యమం పుట్టింది.

ఇప్పుడు ఊరు ఇంకో చచ్చినదాన్ని తెచ్చి మన గేరి పక్కన పడేస్తా ఉంది. దానికి కంపు లేదు. ఈగలు ముసరవు, కుక్కలు పీక్కోవు. కంపు లేదు కాబట్టి మనం ముక్కు మూసుకోలేదు. ముక్కు మూసుకోలేదు కాబట్టి అడగలేదు. అది చచ్చిన బల్బు. చుట్టలు తిరిగిన సీఎఫ్ఎల్ బల్బు, పొడుగాటి ట్యూబులైటు.

బల్బేంది, దాని మీద రాసేదేంది అని నవ్వే అన్నలు కొంచెం ఓపిక పట్టి చదవండి. చివర్లో నవ్వాలనిపిస్తే నవ్వండి.

కొంగు అడ్డం పెట్టుకునే అక్క

ఒక పంచాయతీలో చెత్తబండి తోసే అక్కను అడిగినాను. "అక్కా, ట్యూబులైట్లు వస్తే ఏం చేస్తారు?"

"ఏం చేచ్చాం అబ్బీ, బండిలో నిలువుగా పట్టవు. కాలితో తొక్కి ఇరగ్గొట్టి ఏచ్చాం. లోపల నుంచి సున్నం మాదిరి తెల్లపొడి లేచ్చాది. కొంగు అడ్డం పెట్టుకుంటా."

"చేతులకు తొడుగులు ఇయ్యలేదా?"

"ఇచ్చినారు. ఫోటో తీసిన రోజు."

ఆ బండి ఎక్కడికి పోతుంది? ఊరికి దిబ్బ ఎక్కడుంటుందో సీమలో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఊరి దిబ్బ గేరి దాపున ఉంటుంది. గేరి తరువాత వంక. వాన పడితే దిబ్బ వంకలోకి, వంక కుంటలోకి. కర్నూలు పడమటి మండలాల్లో పెద్దోళ్లు సుగ్గికి పోతే ఇంటికాడ ముసలోళ్లు, పిల్లోళ్లే మిగులుతారు. ఆ పిల్లోళ్లు దిబ్బ మీద ట్యూబులైట్లు ఏరుకుంటారు. కొసన ఉన్న అల్యూమినియం టోపీ కోసం గాజు పగలగొడతారు. చోకు దొరికితే అందులో రాగితీగ. గుజిరీ అంగట్లో వేస్తే నాలుగు రూపాయలు వస్తాయి. గుజిరీ అంగడికి పోయేంత లేని పిల్లోళ్లు ట్యూబులను కత్తులు చేసుకుని యుద్ధం ఆడతారు. ట్యూబు 'ఢప్' మని పగిలినప్పుడు వచ్చే చప్పుడుకు ఎగిరి గంతులేస్తారు. సంక్రాంతి వస్తే అదే గాజును రోట్లో దంచి గాలిపటం దారానికి మాంజా పట్టిస్తారు. ఆ రోలు కడిగి మళ్లా కారం నూరేది వాళ్లమ్మే.

అక్క కొంగు అడ్డం పెట్టుకున్న ఆ తెల్లపొడి సున్నం కాదు. దాన్ని అంటుకుని పాదరసం ఉంటుంది.

లోపల ఏముంది?

పాత బుడ్డి సంగతి వేరు. అందులో తీగ కాలి వెలుగు వచ్చేది. చెడిపోతే గాజు, కాస్త లోహం. కాలికి గుచ్చుకుంటే తప్ప అపాయం లేదు. సీఎఫ్ఎల్, ట్యూబులైటు అట్లా కాదు. వీటిలో కొంచెం పాదరసం పెడతారు. కరెంటు పారినప్పుడు ఆ పాదరసం ఆవిరై కంటికి కనపడని కిరణాలు ఇస్తుంది. గాజు లోపల పూసిన తెల్లపొడి ఆ కిరణాలను వెలుగుగా మారుస్తుంది. అంటే పాదరసం లేకుండా ఈ బల్బు వెలగదు. అది కల్తీ కాదు, పొరపాటు కాదు, దాని ప్రాణమే అది.

ఎంత ఉంటుంది? మంచి కంపెనీ సీఎఫ్ఎల్‌లో ఐదు మిల్లీగ్రాముల లోపు ఉండాలని చెప్పేవారు. ఆవగింజ కన్నా చిన్న చుక్క. కానీ మన అంగళ్లలో అమ్మినవన్నీ ఆ లెక్కకు కట్టుబడినవి కావు. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే సంస్థ 2011లో ఇక్కడ అమ్మే సీఎఫ్ఎల్‌లను పరీక్ష చేయిస్తే, చాలావాటిలో ఆ లెక్కకు ఎన్నో రెట్లు పాదరసం బయటపడింది. పాతకాలపు లావు ట్యూబుల్లోనైతే ఇంకా ఎక్కువే ఉండేది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఇంట్లో ఒక బల్బు పగిలినంత మాత్రాన మనిషి చావడు. తలుపులు తెరిచి, జాగ్రత్తగా ఎత్తేస్తే పెద్ద ముప్పు రాదు. జనాన్ని భయపెట్టడం మన పని కాదు. భయం ఎక్కడంటే, రోజూ తొక్కే కాలికి, రోజూ ఎత్తే చేతికి, రోజూ పీల్చే ముక్కుకు. ఏడాదికి ఒక బల్బు పారేసే ఇంటికి అది లెక్కలోది కాదు. వెయ్యి ఇళ్ల బల్బులు ఒక్క మనిషి చేతిమీదుగా పోతే అదే లెక్క.

పాదరసం మామూలు వేడికే ఆవిరవుతుంది. ఎండ పెరిగేకొద్దీ ఎక్కువ ఆవిరవుతుంది. కర్నూలు, కడప ఎండ సంగతి కొత్తగా చెప్పాలా? ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినదాంట్లో ఐదింట నాలుగు వంతులు ఒంట్లోనే ఉండిపోతుంది. మెదడును, నరాలను, మూత్రపిండాలను పట్టుకుంటుంది. చేతులు వణుకుతాయి. నిద్ర పట్టదు. మతిమరుపు, చిరాకు, చిగుళ్ల వాపు వస్తాయి. కడుపుతో ఉన్న ఆడమనిషి పీల్చితే కడుపులో బిడ్డకూ చేరుతుంది. చెత్తబండి తోసే అక్కకు చేతులు వణికితే ఊరు ఏమంటుంది? 'సారా తాగుతాది' అంటుంది. మతిమరుపు వస్తే 'వాళ్లంతే' అంటుంది. మన జబ్బుకు కూడా కులం పేరే పెడతారు.

నీళ్లలో, బురదలో చేరిన పాదరసం ఇంకో రూపం ఎత్తుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మరింత విషం చేస్తాయి. చిన్న చేపలోకి, దాన్ని తిన్న పెద్ద చేపలోకి పోతా పోతా పెరుగుతుంది. కుంటలో చేప పట్టి కూర వండుకునేది ఎవరు?

వెలుగు ఊరికి, మోత మనకు

వెలుగుకు కులం లేదంటారు. మన ఊళ్లల్లో వెలుగుకు ఎప్పుడూ కులం ఉంది. పెండ్లి ఊరేగింపులో దివిటీ పట్టడం చాకలి పని. పెట్రోమాక్స్ లైట్లు వచ్చినాయి. ఆ మంట పక్కన చెవులు కాలుతా నెత్తిన మోసిందీ పేదోళ్లే. తరువాత జనరేటరు బండికి వైరు కట్టి ట్యూబులైట్ల చట్రాలు వచ్చినాయి. వాటిని నెత్తిన పెట్టుకుని బ్యాండుమేళం పక్కన అర్ధరాత్రి దాకా నడిచేది మన ఆడోళ్లు, మన పిల్లోళ్లు. పెండ్లికొడుకు ముఖం మీద వెలుగు. మోసేవాళ్ల ముఖం ఏ ఫోటోలోనూ పడదు.

ఊళ్లోకి కరెంటు వచ్చినాక గేరికి చివరి స్తంభం. వీధిలైటు కూడా చివరికే. కానీ బల్బు చచ్చినాక మాత్రం ఊరి బల్బులన్నీ మొదట గేరి పక్కకే. రావడంలో వెనక, పారేయడంలో ముందు. ఇదెక్కడి వరస?

కులం అంటే పని విభజన అని సమర్థించుకునే వాళ్లకు బాబాసాహెబ్ 1936లోనే జవాబు చెప్పినాడు. అది పనివాళ్లనే విడగొట్టి, ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చిన ఏర్పాటు అని తేల్చినాడు. ఆ మెట్లల్లో అన్నిటికన్నా కింద మెట్టు దగ్గరికే ఊరి మురికి అంతా జారుతుంది. మురికి మారుతుంది. మెట్టు మారదు. మొదట పీనుగ, తరువాత పాయిఖానా, ఇప్పుడు పాదరసం.

పేర్లు మాత్రం మారుస్తా ఉంటారు. పాకీ అన్నారు. సఫాయి అన్నారు. పారిశుద్ధ్య కార్మికులు అన్నారు. పంచాయతీల్లో 'హరిత రాయబారి' అన్నారు, 'క్లాప్ మిత్ర' అన్నారు. రాయబారి అంటే రాజులు ఎదురొచ్చి కుర్చీ వేసేవాడు. మన రాయబారికి తొడుగుల జత లేదు. పేరు మార్చడానికి ఖర్చు కాదు కాబట్టి పేరే మారుస్తారు.

ఇచ్చినోళ్లు తీసుకోరెందుకు?

ఈ బల్బులు ఆకాశం నుంచి రాలిపడలేదు. కరెంటు ఆదా చేయండి అని సర్కారే ఇంటింటికీ పంచింది. 2009లో కేంద్రం 'బచత్ ల్యాంప్ యోజన' తెచ్చింది. పాత బుడ్డి తెచ్చి 15 రూపాయలు కడితే సీఎఫ్ఎల్ ఇచ్చేవారు. అప్పుడు బయట దాని ధర వంద రూపాయలకు అటూ ఇటూ. మిగతా డబ్బు ఎవరు పెట్టుకున్నారు? ఆదా అయిన కరెంటును 'కార్బన్ క్రెడిట్లు'గా లెక్కగట్టి ఐరోపా దేశాల బజారులో అమ్ముకునే ఏర్పాటు అది. మన రాష్ట్రంలో విశాఖపట్నంలో ఒస్రాం కంపెనీ ఈ పద్ధతిలోనే లక్షల బల్బులు పంచింది. దేశం మొత్తం మీద కోట్ల బల్బులు పంచినారు.

ఆ పంపకంలో ఒక సంగతి గమనించండి. పాత బుడ్డి తెస్తేనే కొత్తది ఇచ్చినారు. పాదరసం లేని పాత బుడ్డిని లెక్కబెట్టి, సంచుల్లో వేసి, మళ్లా ఎవరూ వాడకుండా పగలగొట్టినారు. ఎందుకంటే అది చచ్చిందని రుజువు చూపితేనే క్రెడిట్లు వస్తాయి. విషం ఉన్న సీఎఫ్ఎల్ చచ్చినప్పుడు? దాన్నీ వెనక్కి తీసుకుని జాగ్రత్త చేయాలని పథకం కాగితాల్లో రాసుకున్నారు. మీ ఇంటికి ఎవరైనా వచ్చినారా? మీ వీధిలో ఎవరి చచ్చిన సీఎఫ్ఎల్‌నైనా లైనుమ్యాను అడిగి తీసుకుపోయినాడా? డబ్బు వచ్చే చావుకు లెక్క ఉంది. డబ్బు రాని చావుకు దిబ్బ ఉంది.

తరువాత ఎల్ఈడీ వచ్చింది. 2014 అక్టోబరులో మన రాష్ట్రంలో మొదట అనంతపురం, గుంటూరు, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పది రూపాయలకు ఒక ఎల్ఈడీ చొప్పున పంచినారు. 2015 జనవరి 5న ప్రధాని చేత దేశమంతటికీ ప్రకటించినారు. ఎల్ఈడీలో పాదరసం లేదు. మంచిదే. కానీ ఎల్ఈడీ ఎక్కిన ప్రతి హోల్డరులోంచి దిగిన సీఎఫ్ఎల్ ఎక్కడికి పోయింది? దానికి ఏ పథకమూ లేదు, ఏ ప్రకటనా లేదు.

అంతా అయిపోయిన కథ గదా అనుకోవద్దు. అసలు పోటు ఇప్పుడే. పాదరసం మీద ప్రపంచ దేశాలు 2013లో మినమాటా ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 2018లో దానికి కట్టుబడింది. చుట్టల సీఎఫ్ఎల్‌ల తయారీ, ఎగుమతి, దిగుమతి 2025తో ఆపాలని 2022లో, పొడుగు ట్యూబులైట్లు 2027తో ఆపాలని 2023లో ఆ దేశాలు తీర్మానించినాయి. అంటే బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు, ఆఫీసులు, బ్యాంకులు, కల్యాణ మండపాలు - అన్నిచోట్లా పాత ట్యూబులు దిగుతాయి. స్టోరు రూముల్లో కట్టలు కట్టి పెట్టినవి ఒక్కసారి బయటికి వస్తాయి. అవి ఎవరి బండి ఎక్కుతాయి? ఎవరి గేరి పక్కన దిగుతాయి? మన సాంఘిక సంక్షేమ హాస్టల్ ట్యూబులను మన పిల్లోళ్ల చేతనే మోయించరని నమ్మకం ఏమైనా ఉందా?

కొందరు చదువుకున్నోళ్లు ఇంకో లెక్క చెబుతారు. కరెంటు ఆదా అయితే బొగ్గు ఆదా. బొగ్గు కాల్చినా పొగగొట్టం నుంచి పాదరసం వస్తుంది. ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీలో 1994 నుంచి కాలుతున్న బొగ్గు నుంచీ వస్తుంది. కాబట్టి మొత్తం మీద సీఎఫ్ఎల్ వల్ల పాదరసం తగ్గినట్టే అంటారు. ఆ లెక్క తప్పని మేము అనడం లేదు. కానీ మొత్తం మీద అనే మాటలో ఎవరెవరు ఉన్నారు? తగ్గిన లాభం దేశం ఖాతాలో వేసినారు. మిగిలిన విషం ఒక కులం ఊపిరితిత్తుల్లో వేసినారు. ఈ రెండూ కూడి తీసివేసే లెక్క ఏ బడిలో చెప్పినారు?

చట్టం ఉంది, సర్టిఫికెట్టు ఉంది, మనిషి లేడు

చట్టాలు లేవని మొర పెట్టుకునే పని లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లోనే ఈ బల్బుల పాదరసం మీద మార్గదర్శకాలు రాసింది. 2016 నాటి ఈ-వ్యర్థాల నియమాలు సీఎఫ్ఎల్‌ను, ట్యూబులైటును పేరు పెట్టి చేర్చినాయి. తయారు చేసిన కంపెనీదే బాధ్యత అన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన 2022 నియమాల్లోనూ అవి ఉన్నాయి. కంపెనీ అమ్మిన సరుకు బరువులో వందకు ఇంత అని లెక్క పెట్టి, చెడిపోయాక శుద్ధి అయ్యేటట్టు చూడాలి. మొదటి రెండేళ్లు నూటికి 60, తరువాత రెండేళ్లు 70, ఆపైన 80.

వినడానికి బాగుంది. అమలు ఎట్లా? కంపెనీ మన ఊరికి రానక్కర లేదు. శుద్ధి చేసే ఫ్యాక్టరీ దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కుంటే చాలు. శుద్ధి చేసేవాళ్లు రాగి, బంగారం దొరికే ఫోన్ల వెంట, కంప్యూటర్ల వెంట పడతారు. చిటికెడు అల్యూమినియం, పిడికెడు గాజు తప్ప ఏమీ రాని బల్బు కోసం ఆలూరు దాకా, లక్కిరెడ్డిపల్లె దాకా ఎవరు వస్తారు?

చెత్త నియమాల సంగతీ అంతే. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు సీఎఫ్ఎల్, ట్యూబులైటు, పగిలిన థర్మామీటరు ప్రమాదకరమైన ఇంటి చెత్త అని చెప్పినాయి. పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒకచోట వాటిని తీసుకునే కేంద్రం పెట్టాలన్నాయి. పనివాళ్లకు తొడుగులు, చెప్పులు, ముక్కుగుడ్డ ఇవ్వాలన్నాయి. కర్నూలులో ఆ కేంద్రం ఎక్కడ పెట్టినారో, కడపలో ఎక్కడ పెట్టినారో, ప్రొద్దుటూరులో, ఆదోనిలో, నంద్యాలలో ఎక్కడ పెట్టినారో అడగండి. మామూలు పల్లె పంచాయతీలనైతే ఆ నియమాలు లెక్కలోకే తీసుకోలేదు. పల్లెలో బల్బు వెలుగుతుంది గానీ చావదని వాళ్ల నమ్మకం కాబోలు.

2021 అక్టోబరు 2న రాష్ట్రంలో 'క్లాప్' అని మొదలుపెట్టి పట్టణాల్లో పచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు పంచినారు. ఎర్ర డబ్బా ఇట్లాంటి ప్రమాదకర చెత్తకు. దానిమీద చెత్తపన్ను వేసినారు. 2024లో పన్ను తీసేసినారు. పన్ను వేసినందుకు ఊరేగింపు జరిగింది, తీసినందుకూ ఊరేగింపు జరిగింది. ఎర్ర డబ్బాలో పడిన ట్యూబు చివరకు ఏ దిబ్బకు చేరిందని ఒక్క నాయకుడూ అడగలేదు. ఇప్పుడు కేంద్రం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా ఇంకో నియమాలు తెచ్చింది. చెత్తను నాలుగు రకాలుగా విడదీయాలట. అందులో బల్బుల్లాంటివి 'ప్రత్యేక జాగ్రత్త' తీసుకోవాల్సిన చెత్త. ఎవరికి జాగ్రత్త? చెత్తకా, చెత్త ఎత్తే మనిషికా?

కొడైకెనాల్ గాజు, మినమాటా చేప

ఇదంతా ఊహ అనేవాళ్లకు రెండు ఊళ్ల కథ.

తమిళనాడులో కొడైకెనాల్ కొండ మీద థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. అమెరికాలో వాటర్‌టౌన్ అనే ఊరి నుంచి 1980లలో ఇక్కడికి తెచ్చి బిగించినారు. తరువాత అది హిందుస్థాన్ లీవర్ చేతికి వచ్చింది. 2001 మార్చిలో ఊళ్లోని పాత సామాన్ల అంగట్లో పాదరసం అంటిన పగిలిన గాజు టన్నుల లెక్కన బయటపడింది. ఊరి జనం, కార్మికులు ఫ్యాక్టరీ మీదికి పోయినారు. ఫ్యాక్టరీ మూతపడింది. కార్మికులు జబ్బులకు పరిహారం కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినారు. 2016లో గానీ 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఒప్పందానికి రాలేదు. ఆ విషం బట్టబయలైంది ఒక గుజిరీ అంగట్లో అని గుర్తుపెట్టుకోండి. మన ప్రతి మండలంలో అట్లాంటి అంగడి ఉంది.

ఆ ఒప్పందానికి పేరిచ్చిన మినమాటా జపానులో సముద్రం ఒడ్డు ఊరు. చిస్సో అనే కంపెనీ పాదరసం కలిసిన మురుగును సముద్రంలోకి వదిలింది. చేపల్లో విషం చేరింది. 1956లో జబ్బు బయటపడింది. ముందు పడిపోయింది చేపలు పట్టి బతికే పేద కుటుంబాలు. ఊరు వాళ్లను ఏం చేసింది? అంటురోగమని వెలేసింది. కంపెనీ మాత్రం 1968 దాకా మురుగు వదులుతానే ఉండింది. జపానులోనూ విషం తాగినోడే వెలిపడినాడు, విషం పోసినోడు పెద్దమనిషిగానే ఉన్నాడు. మనకు ఈ కథ కొత్తదా?

మనోళ్ల మాట, ఊరోళ్ల మాట

ఊరోళ్లు అంటారు: "మీ పిల్లోళ్లే పగలగొట్టి ఆడుకుంటారు, తప్పు మీదే. పైగా మీకు కరెంటు ఉచితం." ఆడుకోవడానికి మైదానం ఇయ్యకుండా దిబ్బ ఇచ్చింది ఎవరు? ఉచిత కరెంటు మన బల్బుకు ఇచ్చినారు. ఊరి బల్బులన్నీ మా గేరి పక్కన పోసుకోవడానికి అద్దె కట్టలేదు గదా!

మనోళ్లల్లోనూ కొందరు అంటారు: "భూమి సమస్య ఉంది. శ్మశానం సమస్య ఉంది. దాడులున్నాయి. బల్బు మీద ఉద్యమమా?" అన్నా, చచ్చిన గొడ్డు మీద ఉద్యమం చేసిన నాడు కూడా ఇదే మాట అన్నారు. భూమి మన చేతికి రావాలంటే ముందు ఆ చేతులు వణకకుండా ఉండాలి. పుట్టే బిడ్డ మెదడు బాగుండాలి. పైగా ఇది ఆ సమస్యలకు బయటిది కాదు. గేరి పక్కన దిబ్బ ఎందుకుంది అనే ప్రశ్న భూమి ప్రశ్నే.

ఇంకొందరు పట్నం పర్యావరణ పెద్దలు 'బాధ్యత గల పౌరులు పాత బల్బులను బాధ్యతగా పారేయాలి' అని బోధిస్తారు. సరే. బాధ్యతగా పారేస్తాం. పారేసినదాన్ని ఎత్తే మనిషి పట్ల బాధ్యత ఎవరిది? ఆ రెండో సగం చెప్పని బోధ మాకు వద్దు.

చట్టం మన చేతిలో ఒక ఆయుధం పెట్టింది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేసినారు. 2016 జనవరి 26 నుంచి అమలైంది. చచ్చిన గొడ్డును మన చేత ఎత్తించడం, మోయించడం నేరమని అది చెప్పింది. సెక్షన్ 3(1)(ఐ). మనల్ని బాధ పెట్టాలని, అవమానించాలని మన ఇండ్ల చుట్టుపక్కల చెత్త, కళేబరాలు, అసహ్యమైనవి పోయడం కూడా నేరమే. సెక్షన్ 3(1)(సి). 'ఉద్దేశంతో' అన్న మాట అందులో ఉంది, దాచిపెట్టడం లేదు. పోలీసోళ్లు ఆ మాట పట్టుకునే తప్పించుకుంటారు. అందుకే మొదట రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. విషం పోస్తున్నారని తెలిపి, ఆపమని అడిగి, నకలు దాచుకోవాలి. తెలిసిన తరువాత కూడా పోస్తే ఉద్దేశం లేదని చెప్పడం అంత సులువు కాదు.

ఇంట్లో చేయాల్సింది

దిబ్బ మారేదాకా మన ప్రాణం మనం కాపాడుకోవాలి.

చచ్చిన సీఎఫ్ఎల్‌ను, ట్యూబును పగలగొట్టొద్దు. కొత్తది వచ్చిన అట్టపెట్టెలోనే పాతది పెట్టండి. లేకుంటే పేపరు చుట్టి పిల్లోళ్లకు అందని చోట నిలువుగా పెట్టండి. పొయ్యిలో వేయొద్దు. పెంటలో కలపొద్దు, అది చేనుకు పోతుంది. బోరు దగ్గర, బావి దగ్గర పూడ్చొద్దు. టోపీ కోసం, మాంజా కోసం పగలగొట్టనీయొద్దు.

పొరపాటున పగిలితే పిల్లోళ్లను, కడుపుతో ఉన్నోళ్లను బయటికి పంపండి. ఫ్యాను ఆపి, తలుపులు, కిటికీలు తెరవండి. కాలుగంట సేపు అందరూ బయటే ఉండండి. పరకతో ఊడ్వొద్దు, పొడి లేస్తుంది. రెండు గట్టి అట్టముక్కలతో గాజును తోసి ఎత్తండి. మిగిలిన పొడిని అంటుకునే టేపుతో, తడిగుడ్డతో తీయండి. అన్నీ కలిపి మూత ఉన్న సీసాలో వేసి గట్టిగా బిగించండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

చెత్తబండి తోసే అక్కలు, అన్నలు: ట్యూబును తొక్కి విరగ్గొట్టొద్దు. బండిలో పట్టకుంటే బండిలో ఎక్కించొద్దు. ఆఫీసోళ్లు కట్టలు కట్టి ఇస్తే 'ఇది మా పని కాదు, దీనికి వేరే బండి పిలిపించండి' అని చెప్పండి. ఒక్కరు చెబితే పని పోతుంది. అందరూ కలిసి చెప్పండి, సంఘం పక్కన నిలబడుతుంది.

మనం అడగాల్సింది

ఒకటి: ప్రతి పంచాయతీలో తాళం ఉన్న పెట్టె ఒకటి పెట్టాలి. అది గేరిలో కాదు, పంచాయతీ ఆఫీసులో పెట్టాలి. పగలని బల్బులు, ట్యూబులు అందులో చేర్చి, నిండినప్పుడు అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి పంపించాలి. ఖర్చు కంపెనీలు పెట్టుకోవాలి.

రెండు: పంచిన దారిలోనే వెనక్కి తీసుకోవాలి. పది రూపాయల బల్బు ఇంటింటికీ చేర్చగలిగిన కరెంటోళ్లకు చచ్చిన బల్బు తీసుకుపోవడం చేతకాదా? పాతది ఇస్తే ఎంతో కొంత డబ్బు తిరిగి ఇవ్వాలి. అప్పుడు పిల్లోడు దాన్ని పగలగొట్టడు, అపురూపంగా తెస్తాడు.

మూడు: బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు, ఆఫీసులు దించిన ట్యూబుల లెక్క రాసిపెట్టాలి. ఎన్ని దించినారు, ఎవరికి అప్పగించినారు అని రసీదు ఉండాలి.

నాలుగు: చెత్త పని చేసే ప్రతి మనిషికీ తొడుగులు, చెప్పులు, ముక్కుగుడ్డ ఏడాది పొడుగునా ఇవ్వాలి. వణుకు, మూత్రపిండాల పరీక్షలు సర్కారు ఖర్చుతో చేయించాలి.

ఐదు: గేరి పక్కన ఉన్న దిబ్బలు ఎత్తేయాలి.

ఇవి ఎట్లా అడగాలి? గ్రామసభలో తీర్మానం పెట్టించండి. 2005 సమాచార హక్కు చట్టం కింద పంచాయతీని, మున్సిపాలిటీని, కాలుష్య నియంత్రణ మండలిని మూడే ప్రశ్నలు అడగండి: పాదరసం బల్బులు ఎక్కడ తీసుకుంటారు? ఇప్పటిదాకా ఎన్ని తీసుకున్నారు? ఎక్కడికి పంపినారు? జవాబు పట్టుకుని సోమవారం అర్జీల రోజు కలెక్టరాఫీసుకు పదండి. చేతులు ఊపుకుంటా పోవద్దు. ఊరి చచ్చిన బల్బులు పగలకుండా పెట్టెల్లో సర్దుకుని పోండి. బల్ల మీద పెట్టి అడగండి: 'ఇవి మీరిచ్చినవి. చచ్చినాయి. వీటిని ఎవరు ఎత్తాలి?'

గొడ్డును ఎత్తనన్న నాడు మన పెద్దోళ్ల దగ్గర చట్టం లేదు, సెక్షన్ లేదు. తెగువ ఒక్కటే ఉండింది. మన దగ్గర ఈ రోజు రెండూ ఉన్నాయి. వాళ్లు ఎత్తని బరువును మనం ఎత్తితే, వాళ్ల ముఖం మనం ఎట్లా చూస్తాం?

జై భీమ్!